యోగానందకు బరువొచ్చింది

పొద్దు పొడిచేసరికి మునస్వామి ఇంటి అరుగు మీద జనం కూర్చోనుంటారు. పుత్తూరులో ఎముకలు కట్టే ఇళ్లు ఇంకా ఉన్నా, అరవదేశం నుంచి వ్యాన్లలో వచ్చేవాళ్లు ఈ ఇంటినే అడుగుతారు. కారణం వెనక గది. ఆ గదిలో బరువుండదు. గడప దాటినవాడు మనిషెత్తు పైకి లేచి గాలిలో నిలుస్తాడు. విరిగిన కాలు దేనికీ ఆనదు కాబట్టి నొప్పి తెలియదు. మునస్వామి తన నడుముకు తువ్వాలు చుట్టి కిటికీ కమ్మీకి ముడేసుకొని, తేలే మనిషి ఎముకను లాగి సరిచేస్తాడు. కొడుకు యోగానంద ఆకుపసరు, గుడ్డుసొన పూసి, వెదురుబద్దలు పెట్టి గుడ్డ చుడతాడు. ఎందుకు తేలతామని ఎవరూ అడగరు. చెప్పులు యాడ విడవాల అని మాత్రం అడుగుతారు.

యోగానందకు ముప్పై దాటింది. హస్తవాసి మంచిది. ఊరికి నచ్చనిది ఒక్కటే, వాడు కథల పుస్తకాలు చదువుతాడు. అవీ మామూలువి కావు. చుక్కల్లోకి ఓడలేసుకొని పోయేవాళ్లవి, ఇంకో గ్రహంలో కాపురం పెట్టేవాళ్లవి. అప్పుడప్పుడు ఆదివారం తిరుపతికి పోయి, ఒక మేడ మీద తనలాంటి నలుగురితో కూర్చొని వాటి గురించే మాట్లాడొస్తాడు. తాగొచ్చేవాళ్లను ఊరు అర్థం చేసుకుంది గానీ వీణ్ణి అర్థం చేసుకోలేకపోయింది. "ఏమప్పా, పైలోకంలో వానలు పడినాయా?" అని టీ బంకు కాడ నవ్వేవాళ్లు. చుట్టాలొస్తే తల్లి రుక్మిణమ్మ ఆ పుస్తకాలను బియ్యం మూటల వెనక దాచేది. బస్సులో చదివేటప్పుడు వాడే వాటికి పంచాంగం అట్ట తొడిగేవాడు.

కార్వేటినగరం మామిడితోటల ఆసామి మునిప్రసాద్ తోటలో జారిపడి, భుజం తప్పి వచ్చినాడు. కూతురు ప్రశాంతి తోడొచ్చింది. గదిలో తండ్రి తేలుతుంటే, ఆమె కూడా తేలుతూ ఆయన పంచె ఎగరకుండా అంచు పట్టుకోనుంది. యోగానంద గూట్లోంచి గుడ్డపేలికలు లాగుతుంటే వాటి కింది పుస్తకం జారి, మెల్లగా తేలుకుంటూ పోయి మునిప్రసాద్ ముఖం ముందర నిలిచింది. అట్ట మీద నల్లటి ఆకాశం, అందులో తేలే మనిషి.

"ఏందిది?"

"కథల పుస్తకం సార్."

"మనిషి గాల్లో తేలతాండాడే!" గాలిలో వెల్లకిలా పడుకొని మునిప్రసాద్ పగలబడి నవ్వినాడు. "యాడన్నా జరిగేదేనా ఇది? మునస్వామన్నా, ఇంత వయసొచ్చినోడు ఇట్లాటివి సదువుతాంటే సూస్తా ఉండావా?"

పక్కన తేలుతున్న రోగులూ నవ్వినారు. ఒకాయన నవ్వి నవ్వి పైకప్పుకు తగులుకున్నాడు. మునస్వామికి తల కొట్టేసినట్టయింది.

ప్రశాంతి ఒక్కతే నవ్వలేదు. "దాంట్లో ఏం జరుగుతుంది?" అని అడిగింది. యోగానంద నోరు తెరిచేలోగా, "నువ్వూరుకో పాపా" అన్నాడు తండ్రి.

భుజం కుదిరినాక మునిప్రసాద్ పిల్లనిస్తానని కబురు పంపినాడు. ఇల్లు నచ్చింది, పని నచ్చింది. అయితే ఆ పుస్తకాలుండే ఇంటికి పిల్లను పంపడు. రేపు పుట్టే బిడ్డలకూ ఆ పిచ్చి అంటుకుంటే?

"నేల విడిచి సాము చేసినోడు యాడ బాగుపడినాడు నాయనా? నలుగుర్లో మమ్మల్ని తలెత్తుకోనీ" అని రుక్మిణమ్మ ఏడ్చింది.

యోగానందకు ఆ నవ్వని పిల్ల ముఖం మనసులోంచి పోలేదు. ఫోను చేసి, "మీకూ అట్లనే అనిపిస్తుందా?" అని అడిగినాడు.

ప్రశాంతి గొంతు తగ్గించింది. "నాకేమీ లేదు. మా వాళ్లలో నగుబాటు కదా. అందరి మాదిరి ఉంటే పోయేదేముండాది చెప్పండి?"

పుస్తకాలన్నీ వాడే దించి తండ్రి ముందర పెట్టినాడు. అట్టలు మందంగా ఉన్నాయని మునస్వామి చింపి కట్లకు వాడినాడు. కొన్నాళ్లపాటు పుత్తూరు బస్టాండులో జనం చేతులకూ కాళ్లకూ గ్రహాలు కట్టుకొని తిరిగినారు. లోపలి కాయితాలు బజ్జీల కిందికి పోయినాయి.

పుస్తకాలిచ్చేసిన మర్నాడు గదిలోకి అడుగుపెడితే యోగానంద పైకి లేవలేదు. ఎగిరి చూసినాడు. దబ్బున గచ్చు మీదికే వచ్చినాడు.

"నిలబడినాడే! నా కొడుకు నేల మీద నిలబడినాడే!" అని మునస్వామి గాలిలోంచే చేతులు జోడించినాడు. రుక్మిణమ్మ టెంకాయ కొట్టింది.

పెళ్లి ఘనంగా జరిగింది. నేల మీద నిలిచి లాగేవాడికి పట్టెక్కువ, పేరు తండ్రిని మించింది. టీ బంకు కాడ లేచి చోటిచ్చేవాళ్లు. తిరుపతి స్నేహితులు ఫోన్లు చేసి చేసి మానుకున్నారు. గదిలో మాత్రం యోగానంద తలెత్తేవాడు కాదు. ఎత్తితే ముఖం ముందర అందరి పాదాలూ ఉండేవి.

వానాకాలంలో ఒక మధ్యాహ్నం, సత్యవేడు దారిలో లారీ తగిలి బండి మీద నుంచి పడినాడు. తొడ ఎముక విరిగింది. ఊళ్లోవాళ్లు భుజాన వేసుకొని నేరుగా వెనక గదికి తెచ్చినారు. గడప దాటగానే మోసేవాళ్లంతా పైకి లేచినారు. వాళ్ల చేతుల్లోంచి యోగానంద ఒక్కడే జారి గచ్చు మీద పడినాడు. ఆ కేక వీధి చివరిదాకా వినిపించింది.

పైనున్నవాళ్లు ఎంత వంగినా చేతులు వాణ్ణి అందలేదు. గడప అవతలి నుంచి కాళ్లు పట్టి బయటికి ఈడ్చి, అరుగు మీద పడుకోబెట్టి, జనం చూస్తుండగా మునస్వామి ఎముక లాగినాడు. ఆ ఇంట్లో ఎవరూ ఎరగని నొప్పి. ఒళ్లంతా బిగుసుకుపోయి ఎముక సరిగా కూడలేదు.

కట్టు విప్పే పొద్దుకు ఆ కాలు పొట్టిదైపోయింది. యోగానంద గోడ పట్టుకొని లేచి, ఒక అడుగేసి, మళ్లీ కూలబడినాడు.

"నాయనా, ఆ పుస్తకాల్లో ఒక్కటన్నా మిగిలిందా?"

మునస్వామి కొడుకు ముఖంలోకి చూసినాడు. నిజంగానే ఆయనకు గుర్తు రాలేదు.

"ఏం పుస్తకాలప్పా?" అని, అరుగు చివరనున్న రోగిని లోపలికి రమ్మని పిలిచినాడు.

ప్రశాంతికి గుర్తుంది. తల వంచుకొని, విప్పిన గుడ్డలు పోగుచేసుకొని ఉతకడానికి పోయింది.