రెండో తాళంచెవి

టీచరమ్మ ఫోను మోగిందంటే చాలు, మా ఆయన చేతిలో ఏ పనున్నా అక్కడే వదిలేసి లేస్తాడు. ఇంకెవరి బండి ఆగిపోయినా "తోసుకుంటూ షెడ్డుకి తీసుకురండి" అనే మనిషి, ఆవిడ కారుకి మాత్రం పనిముట్ల పెట్టె పట్టుకుని ఇంటికే పోతాడు. ఆవిడ పిల్లలకి వయొలిన్ నేర్పుతుంది. భర్త ఈ మధ్యే పోయాడు, కారు ఆయనదే. పాపం అనుకున్నాను, నిజంగానే అనుకున్నాను. కానీ జాలికీ ఒక హద్దుండాలా వద్దా?

షెడ్డులో స్పేర్ పార్టుల కౌంటరు నాది. వినీ వినీ నాకూ సగం పని వచ్చేసింది. అందుకే ఆయన తిరిగొచ్చినప్పుడల్లా ఆరా తీసేదాన్ని.

"బ్యాటరీ పోయిందా?"

"బాగానే ఉంది."

"ప్లగ్గులో?"

"మంచివే. పెట్రోలూ వస్తోంది."

"మరేం రోగమట దానికి?"

"వెతుకుతున్నా," అని చేతులు కడుక్కోవడానికి పోయేవాడు.

ఇన్నిసార్లు వెళ్ళినా దొరకని రోగమా! చప్పుడు విని రోడ్డవతలి నుంచే జబ్బు చెప్పే మనిషికి! ఎవరి చెవిలో పువ్వులు పెడుతున్నట్టు? ఈయన మనసు ఇంకా నా దగ్గరే ఉందా, లేక ఆ గేటు ముందే ఉండిపోయిందా? అది తేలేదాకా నాకు అన్నం సహించేలా లేదు.

ఒకరోజు పొద్దున్నే మళ్ళీ ఫోను. ఈసారి స్కూటరు వెనక నేనూ ఎక్కి కూర్చున్నాను.

"నువ్వెందుకే?"

"ఏం, రాకూడదా? అక్కడేమైనా రహస్యమా?"

ఆయన స్కూటరు స్టార్ట్ చేశాడు.

ఆవిడ గేటు దగ్గరే నిలబడి ఉంది, భుజాన వయొలిన్ పెట్టెతో. కట్టిన చీర ఇస్త్రీ మడత నలగలేదు. నా చేతులకేమో ఎంత రుద్దినా పోని గ్రీజు వాసన. "మళ్ళీ శ్రమ పెడుతున్నాను మెకానిక్ గారూ," అంది. వీధంతా "ఏమయ్యా మెకానిక్కూ" అంటుంటే ఈవిడకి మాత్రం గారు! ఒళ్ళు మండిపోయింది.

ఆవిడ తాళం తిప్పింది. ఇంజను కిర్రుకిర్రుమంది గానీ అంటుకోలేదు. ఇంకోసారి తిప్పింది. అంతే.

"మీరు దిగండమ్మా, నేను చూస్తాను," అన్నాడు మా ఆయన. ఇంట్లో ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. ఆయన కూర్చుని తిప్పాడో లేదో, బండి బుద్ధిగా అంటుకుంది. బానెట్ ఎత్తిన పాపాన కూడా పోలేదు!

"మీ చెయ్యి పడితే చాలు," అంది టీచరమ్మ.

నాకు భగ్గుమంది. "ఏదీ, ఆ చెయ్యి నన్నూ చూడనివ్వండి," అంటూ కారు తలుపు దగ్గరికి పోయాను. ఆయన చటుక్కున ఇంజను ఆపాడు. ఎడమచేతి గుప్పిట మాత్రం మూసే ఉంది. విప్పమంటే విప్పలేదు. నేనే వేళ్ళు విడదీశాను. లోపల ఇంకో తాళంచెవి, అదే కారుది.

విషయం అర్థమైపోయింది. ఇలాంటి తాళాలు కౌంటరులో రోజూ నా చేతిలోంచి పోయేవే. దాని తలలో చిన్న చిప్ ఉంటుంది. దాన్ని గుర్తుపడితేనే కారు కదులుతుంది. పక్కనే రెండోది వేలాడితే ఒక్కోసారి తికమకపడి మొరాయిస్తుంది. ఇంతోటి దానికా ఇన్ని రాకపోకలు!

"టీచరు గారూ, మీ కారుకి ఏ రోగమూ లేదు. రెండు తాళాలూ ఒకే గుత్తికి తగిలించకూడదు, అంతే. ఇది ఇంట్లో పడెయ్యండి. ఇక మా ఆయనతో మీకు పనే ఉండదు." ఆ చివరిమాట కాస్త గట్టిగానే అన్నాను.

ఆవిడ నా చేతిలోని తాళం వంక చూసింది. "అది మా వారిది. పోయిననాడు ఆయన జేబులో ఉంది."

తాళం ఆవిడ ముందుకి చాపాను. ఆవిడ దాన్ని తీసుకుని, వయొలిన్ పెట్టెలో తీగల పక్కన పెట్టి, పెట్టెను వెనక సీట్లో పడుకోబెట్టింది. "మీకు ముందే తెలుసా మెకానిక్ గారూ?" అంది. మా ఆయన తల దించుకున్నాడు. ఆవిడ తనే తాళం తిప్పింది. కారు అంటుకుంది. వెళ్ళిపోయింది.

దారిలో నేనే కదిపాను.

"మొదటిరోజే తెలుసు కదూ?"

"తెలుసు."

"చెప్పి చావచ్చుగా?"

"తీయబోతే, 'దాన్ని మాత్రం తీయకండి' అంది. ఇంకెలా చెప్పను? ఆవిడ చూడకుండా తప్పించి, బండి అంటుకున్నాక మళ్ళీ గుత్తికి తగిలించేవాణ్ణి."

గెలిచింది నేనే. ఇక ఆ ఫోను రాదు. అయినా కడుపుమంట చల్లారితేనా! పరాయి మొగుడి తాళం మీద ఈయనకి ఇంత శ్రద్ధా? నా వస్తువు ఒక్కటైనా ఇలా దాచాడా?

"ఏమండీ, పెళ్ళైన కొత్తలో ఈ స్కూటరు కొన్నప్పుడు రెండు తాళాలు ఇచ్చారు. రెండోది నాదని, జాగ్రత్తగా దాచమని మీకిచ్చాను. ఏదీ?"

ఆయన స్కూటరు పక్కకి తీసి ఆపేశాడు. "ఎక్కడో పెట్టానే..."

ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ సొరుగులన్నీ గుమ్మరించి వెతుకుతున్నాడు. ఇంటి పక్కనే ఉన్న షెడ్డు తలుపు కూడా తీయలేదు. కౌంటరు ఫోను మోగి మోగి ఆగిపోయింది. మంచం కింద దూరి, చెమటలు కక్కుతూ, "ఇక్కడే ఎక్కడో ఉండాలే" అంటున్నాడు.

అది నా పర్సులో ఉంది. ఈయన మతిమరుపు తెలిసి, అప్పట్లోనే తీసి దాచుకున్నాను.

తెలిసీ ఆయన నాకు చెప్పాడా? నేనూ చెప్పను. వెతకనీ.