దీపం పాటలో ఆగే చోటు

సంచి అడుగున చెప్పులు పెట్టింది నోరీన్. మళ్ళీ తీసింది. ఆసుపత్రిలో దిగగానే కావాల్సినవి అడుగున ఉంటే ఎలా? రెండు రాత్రి గౌన్లు, దువ్వెన, బైబిలు, ఊదా రంగు శాలువ. అన్నీ మంచం మీద పరిచి, మడిచి, ఇంకోలా సర్దింది. ప్రయాణం రేపు పొద్దున. నాష్‌విల్ పెద్దాసుపత్రిలో ఆమె గొంతులో గడ్డ తీస్తారు. మాట మిగులుతుందట, గుసగుసగా. పాట సంగతి డాక్టరు చెప్పలేదు, ఆమె అడగలేదు.

ఈ రోజు బుధవారం. సాయంత్రం చర్చిలో ప్రార్థన కూటం ఉంది. అక్కడ తను ఏళ్ళుగా పాడే దీపం పాట ఒక్కసారి మొదటి నుంచి చివరిదాకా పాడాలి. ఆమెకు కావాల్సింది అదొక్కటే.

పొయ్యి ఆర్పానా లేదా అని చూసుకుంది. గడప దాటి, వెనక్కి వచ్చి మళ్ళీ చూసుకుంది. బయట కొండలు లేవు. రాత్రే ఎవరో వాటిని మూట కట్టుకుని పోయినట్టు అంతా మంచు. బడి దాకా దారి కాళ్ళకు తెలుసు కాబట్టి నడిచింది.

బడి వంటగదిలో వెలుతురు, ఆవిరి. నోరీన్ వెడల్పాటి మనిషి. మోచేతుల దాకా పాత కాలిన మచ్చలు, జుట్టు మీద వల, మోకాళ్ళ కింద బిగుతు మేజోళ్ళు. పెళ్ళి లేదు. పిండిలో వెన్న ముక్కలు వేసి వేళ్ళతో నలుపుతుంటే ఆమె పెదవులు కదులుతాయి. పైకి వినపడదు. తోటి వంటమనిషి ఇమోజీన్‌కి మాత్రం ఏ పాటో తెలిసిపోతుంది. గడ్డం కదిలే తీరు చూసి చెప్పేస్తుంది.

ఆ పొద్దున ఇమోజీన్ ఆప్రాన్ జేబులోంచి ఒక పెట్టె తీసి, పిండి బల్ల మీద పెట్టింది.

“ఏమే, ఇలా చూడు. నీ పాటలన్నీ ఎత్తుకుపోయి పెట్టెలో పెట్టి అమ్ముకుంటోంది ఈవిడ!”

పేరున్న గాయని కార్లీన్ మెరిడెత్ పాటలు. ఇరవై ఏళ్ళ పాటలు, రెండు డిస్కులు. అట్ట మీద ఆవిడ బొమ్మలు వరసగా ఉన్నాయి. ఒక దాంట్లో జుట్టు భుజాల దాకా, ఒక దాంట్లో పైకెత్తి, ఆఖరి దాంట్లో పొట్టిగా. నోరీన్ చేతులు తుడుచుకుని పెట్టె తిప్పి, పాటల పేర్లు చదివింది. నది పాట దగ్గర వేలు ఆగింది. అది తను ఊళ్ళో రోస్కో వాళ్ళ పసిబిడ్డను పూడ్చిన రోజు పాడింది. గడప పాట ఇమోజీన్ కూతురి పెళ్ళిలో పాడింది. వాన పడుతుంటే పెళ్ళికూతురు నవ్వు ఆపుకోలేకపోయింది. కొండ పాట గని మూతపడిన ఏడాది. అప్పుడు మగవాళ్ళంతా ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చున్నారు. ఎవరి జీవితమో ఎవరి అట్ట మీదో అచ్చయిపోయినట్టు అనిపించింది. కోపం రాలేదు. తన వంటగదిని కిటికీ బయటి నుంచి చూస్తున్నట్టు ఉంది, అంతే.

ఈ ఊళ్ళో కార్లీన్ మెరిడెత్‌ను చూసినవాళ్ళు లేరు. వాళ్ళ చర్చికి వాద్యాలూ లేవు. పాటల క్యాసెట్లు తెప్పించుకునేవాళ్ళు. ఒక వైపు కార్లీన్ పాడుతుంది, రెండో వైపు ఆ గొంతు తీసేసిన సంగీతం మాత్రమే ఉంటుంది. ఆ ఖాళీలో నోరీన్ పాడేది. చాలామంది ఆ పాటలు మొదట విన్నది నోరీన్ గొంతులోనే. ఒకసారి పెట్రోలు బంకులో రేడియో విని ముసలి హోబర్ట్ మొహం చిట్లించాడు.

“ఎవరా పిల్ల? మన నోరీన్ పాట పాడుతోంది. పర్లేదు గానీ, ఆగాల్సిన చోట ఆగట్లేదు.”

ఆగాల్సిన చోటు దీపం పాటలో ఉంది. క్యాసెట్టు కొన్న కొత్తలోనే యంత్రం దాన్ని నమిలేసింది. నోరీన్ తమ్ముడు డ్యూయీ పెన్సిలు పెట్టి తిప్పి, లాగి, ఎలాగో బాగుచేశాడు. ఆ లాగడంలో టేపు ఒకచోట సాగిపోయింది. రెండో చరణం అయ్యాక సంగీతం జారుతుంది, మెట్లెక్కే ముసలాయన ఊపిరి కోసం నిలబడినట్టు. నోరీన్ కూడా అక్కడ నిలబడేది. సంగీతం మళ్ళీ లేచాక మూడో చరణం ఎత్తుకునేది. పాటే అంత అనుకున్నారు అందరూ.

“డిస్కులే ఇవి. నా దగ్గర క్యాసెట్టు ప్లేయరే కదే ఉంది,” అంది నోరీన్.

“తెలుసులే. మా అల్లుడి యంత్రం పట్టుకొస్తా. సాయంత్రం విందామా?”

నోరీన్ పెట్టెను పై అరలో, బేకింగ్ సోడా డబ్బా పక్కన నిలబెట్టింది. “నేనొచ్చాక విందాం. ప్లాస్టిక్ చింపకు.”

“నేనెందుకు చింపుతానే? నాకసలు ఆవిడ గొంతే పడదు.”

మధ్యాహ్నం పిల్లలు తిని వెళ్ళాక పెనాలు తోమి, పని ముగించి నోరీన్ వెనక తలుపు నుంచి బయటపడింది. రోజూ అంతే. చిన్నప్పుడు తండ్రి గడపలో నిలబడి వెళ్ళొస్తానని చెప్పి బొగ్గు గనిలోకి వెళ్ళాడు, మళ్ళీ పైకి రాలేదు. అప్పటి నుంచి ఆ మాట ఎవరితోనూ అనదు. ఇమోజీన్ కిటికీలోంచి అరిచింది.

“రేపు కూడా ఇలాగే దొంగలా పోతావా? మొహం చూపించి పోవే!”

సాయంత్రం చర్చి ముందు ట్రక్కు ఆపి డ్యూయీ దిగలేదు. ఇంజన్ ఆయిలు మరకల వేళ్ళతో స్టీరింగ్ మీద తడుతూ కూర్చున్నాడు.

“అక్కా, ఒక మాట. గొంతున్న వైపు పెట్టనా? సన్నగా పెడతా. నీ గొంతు కింద దాక్కుంటుంది. ఎక్కడన్నా నీకు అందకపోతే...”

“ఆవిడ అక్కడ ఆగదురా. నేను ఆగుతాను. ఇద్దరం చెరో దారిన పోతే నవ్వులపాలవుతాం.”

“నవ్వేదెవరు?”

“మొదట నువ్వే. దిగు.”

లోపల దీపాలు పసుపుగా ఉన్నాయి. కిటికీల అవతల మంచు మళ్ళీ దిగుతోంది. వెనక బల్ల దగ్గర డ్యూయీ క్యాసెట్టు పెట్టాడు. సంగీతం మొదలైంది. నోరీన్ కళ్ళు మూసుకుంది. మొదటి చరణం ఊపిరితో వచ్చింది, కాస్త గరుకుగా, కానీ వచ్చింది. వెచ్చని నీళ్ళలో నడుస్తున్నట్టు ఉంది ఆమెకు. రెండో చరణంలో పైకెత్తే మాట దగ్గర నోరు తెరిచింది. ఏమీ రాలేదు. మళ్ళీ తెరిచింది. గాలి వచ్చింది.

డ్యూయీ చెయ్యి యంత్రం ఆపే మీట మీద ఉంది. కదపలేదు.

సంగీతం ఒంటరిగా చరణం చివరిదాకా వెళ్ళి, సాగిన చోటుకు వచ్చి జారింది. చర్చిలో ఎవరూ ఎవరినీ చూసుకోలేదు. ఆమె ఎంతసేపు ఆగేదో అంతసేపు అందరూ ఆగారు. ఆమె ఎక్కడ ఊపిరి పీల్చేదో అక్కడ పీల్చారు. తర్వాత మూడో చరణం అందరి గొంతుల్లో ఒక్కసారిగా లేచింది. అందులో ఒక చిన్న మాటను ఆమె ఎప్పుడూ మింగేసేది. వాళ్ళూ మింగేశారు. హోబర్ట్ గొంతు పక్కదారి పట్టి, మళ్ళీ వచ్చి కలిసింది. నోరీన్ వేదిక మెట్టు మీద కూర్చుంది. ఇన్నేళ్ళకు తన పాట ఎలా ఉంటుందో బయటి నుంచి విన్నది. పాట చివరిదాకా వెళ్ళింది.

ట్రక్కులో చాలా దూరం వెళ్ళాక గుసగుసగా అంది. “నావల్ల కాలేదురా.”

“పాడావక్కా. ఆ హోబర్ట్ ముసలాడే అపస్వరం.”

ఆమె నవ్వింది. చప్పుడు లేదు, భుజాలు మాత్రం కదిలాయి.

మర్నాడు పొద్దున ట్రక్కు బడి వెనక ఆగింది. ఇమోజీన్ చేతుల నిండా పిండితో తలుపులో నిలబడింది. నోరీన్ ఒళ్ళో సంచితోనే ట్రక్కు కిటికీ అద్దం దించింది.

“వెళ్ళొస్తానే, ఇమోజీన్.”

ఆ నోట ఆ మాట ఇమోజీన్ ఎన్నడూ వినలేదు. పిండి చేతులు ఆప్రాన్‌కు తుడుచుకుంటూ మెట్టు దిగింది. మంచులో ట్రక్కు వెనక దీపాలు ఎర్రగా కనిపించి, గులాబీగా మారి, పోయాయి.

శుక్రవారం మధ్యాహ్నం నాష్‌విల్ నుంచి వంటగదిలో ఫోను మోగింది. ఆదివారం డ్యూయీ ఒక్కడే సంచి పట్టుకుని వచ్చాడు. అందులో శాలువ మడిచింది మడిచినట్టే ఉంది.

పై అరలో పెట్టె ఇంకా ఉంది. పొద్దున పిండి నలిపినప్పుడు లేచే ధూళి కార్లీన్ మెరిడెత్ మొహాలన్నిటి మీదా పడుతుంది. ఇమోజీన్ ఆప్రాన్ కొసతో తుడిచి, ప్లాస్టిక్ చింపకుండా మళ్ళీ అక్కడే పెడుతుంది. 1999 అక్టోబర్ పద్నాలుగు, గురువారం పొద్దున నాష్‌విల్ వెళ్ళిన నోరీన్ సోరెల్స్ తిరిగి రాలేదు.