అందించిన గొంతు

మా తాతయ్య జ్ఞానయ్య పాడిన క్యాసెట్టు మా ఇంట్లో ఒక్కటే ఉంది. పెదకూరపాడు దగ్గర మా పల్లె చర్చిలో, అప్పటి పాస్టరుగారి టేపురికార్డరులో పట్టిన పాటలవి. తాతయ్య పోయి పద్దెనిమిదేళ్లయింది. ఆ గొంతును కంప్యూటరులోకి ఎక్కించే పని నా మీద పడింది. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనొక్కదాన్నే కాబట్టి ఇలాంటి పనులన్నీ నా దగ్గరికే వస్తాయి. నేనూ కాదనను.

ఆన్‌లైన్‌లో వేలెడంత కన్వర్టరు తెప్పించాను. టేపులోంచి వచ్చే శబ్దాన్ని కంప్యూటరుకు అర్థమయ్యే అంకెలుగా మార్చేది అదే. దానికి మోత పెంచి తగ్గించే నాబు లేదు, మీట లేదు. మోత ఎక్కువైతే తనే తగ్గిస్తుంది, సన్నని చప్పుళ్లను తనే కోసేస్తుంది. తాతయ్య గొంతు కడిగినట్టు వచ్చింది.

మా నాయనమ్మ దయామణికి హెడ్‌ఫోన్స్ పెట్టి వినిపించాను. కళ్లు మూసుకుని రెండు పాటలు విన్నది.

"ఆయన గొంతే. చానా బాగుంది," అన్నది. హెడ్‌ఫోన్స్ తీసి, "మరి నేనెక్కడే?" అని అడిగింది.

"నువ్వు పాడలేదుగా నాయనమ్మా."

"పాడలేదు. అందించా."

అప్పుడు చెప్పింది. తాతయ్యకు అక్షరం రాదు. నాయనమ్మ ఐదో తరగతి దాకా చదివింది. ఆడవాళ్ల వరసలో ముందు కూర్చుని, పాటల పుస్తకం ఒళ్లో పెట్టుకుని, ఒక్కో చరణానికి ముందు మొదటి మాటలు మెల్లగా అందించేది. ఆయన ఎత్తుకునేవాడు, పల్లె అంతా అందుకునేది. మూడొందల పాటలు నోటికొచ్చిన జ్ఞానయ్య అని మా చుట్టుపక్కల ఇప్పటికీ చెప్పుకుంటారు. నాయనమ్మ సంగతి ఎవరూ ఎత్తగా నేను వినలేదు.

మళ్లీ విన్నాను. చరణానికీ చరణానికీ నడుమ ఏమీ లేదు, గోడకు సున్నం కొట్టినట్టుంది. చెత్త తుడిచాననుకున్నాను. తుడిచింది మా నాయనమ్మను.

ఇంకోసారి పట్టాలని క్యాసెట్టు తీస్తే లోపలంతా గోధుమరంగు పొడి. భయపడి నరసరావుపేట తీసుకెళ్లాను. అక్కడ గులాం మొహిద్దీన్ బాబాయ్ ఒకప్పుడు జిల్లాలో సగం టేపురికార్డర్లు బాగుచేసినవాడు. ఇప్పుడు మిక్సీలు, ఫ్యాన్లు చేస్తున్నాడు. అయినా క్యాసెట్లు తిప్పే పాత డెక్కు ఒకటి గుడ్డ కప్పి దాచుకున్నాడు.

ఆయన టేపును వెలుతురుకు పెట్టి చూశాడు. "పూత రాలిపోతా ఉంది. ఇంకొక్కసారి తిరిగిద్ది. రెండోసారికి నేను మాటియ్యను."

ఉన్నది ఒక్కసారే కాబట్టి ఈసారి కన్వర్టరు తప్పకూడదు. రెండు ఎంచి పెట్టుకున్నాను. శబ్దాన్ని సెకనుకు ఎన్ని వేలసార్లు కొలుస్తుందో చెప్పే అంకె ఒకదాని మీద 192 అని ఉంది, ఇంకోదాని మీద 96. పెద్ద అంకె ఉన్నదే కొందామన్నాను.

"అంకెల సంగతి నాకు తెలవదు. దానికి తిప్పుకునే నాబుందా?"

"లేదు బాబాయ్. అదే చూసుకుంటుంది."

"మొన్నటిది గూడా అదే చూసుకుందిగా! మీ నాయనమ్మను మింగి కూర్చుంది." పకపకా నవ్వాడు. "మార్కులు చూసి పెళ్లికొడుకును ఎంచినట్టుంది నీ యవ్వారం. నాబున్నది పట్టుకురా. పల్లె అంతా అందుకున్నప్పటి మోతకు సరిపెట్టి వదిలెయ్. మళ్లీ ముట్టుకోబాక. గుసగుస చిన్నగా పడిద్ది. పడనీ."

చిన్నగా పడితే పోదా అని నా భయం. ఇంటికెళ్లి రెండింటి వివరాలూ చదివాను. 96 అని ఉన్నదానికి నాబుంది, అది ఇరవైనాలుగు బిట్లది. అంత సన్నని శబ్దాన్ని కూడా పోనీయకుండా లెక్కపెడుతుంది. తర్వాత పెంచుకోవచ్చు. దాన్నే తెచ్చాను. ముందుగా ఒక ఖాళీ క్యాసెట్టులో బాబాయ్ గొంతు చించుకుని అరిచాడు, నేను గుసగుసలాడాను. కంప్యూటరులోకి ఎక్కించి చూస్తే అరుపు పగల్లేదు, గుసగుస పోలేదు.

"ఇంక పెట్టొచ్చు," అన్నాడు బాబాయ్.

అసలు టేపు పెట్టే రోజు నాయనమ్మ కూడా బస్సెక్కి వచ్చింది, చర్చికి కట్టే చీర కట్టుకుని. బాబాయ్ ఫ్యాను ఆపి, షట్టరు సగం దించాడు. డెక్కు తిరిగింది. మోత మితిమీరితే వెలిగే కన్వర్టరు ఎర్రలైటు వంకే చూస్తూ కూర్చున్నాను. పల్లె అంతా ఒక్కసారి అందుకుంది. లైటు వెలగలేదు. చరణం అయింది. గాలి వీచినట్టు టేపు రొద, ఆ రొదలో ఒక పడుచు గొంతు, రెండే మాటలు. వెంటనే తాతయ్య ఎత్తుకున్నాడు.

"అది నేనేనా?" అన్నది నాయనమ్మ. "ఎంత బెరుకే నాకు!"

మూడో పాట నడుమ ఉలిక్కిపడి, "ఆపు, ఆపు!" అన్నది.

"ఆపకూడదు నాయనమ్మా!"

టేపు అయిపోయేదాకా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. తీరా చూస్తే నవ్వుతోంది.

"ఆ పాటకు నాలుగు చరణాలు. నేను రెండు కాగితాలు ఒక్కసారే తిప్పా. మూడోది ఎగిరిపోయింది. ఆయన నేనందించిందే ఎత్తుకున్నాడు. పల్లె గూడా అదే పాడింది."

"మన చర్చిలో ఇప్పటికీ మూడే పాడతారు గదా!"

"మరి! ఎంతమంది పాస్టర్లు మారినా మూడే," అన్నది, కుర్చీలో నిటారుగా సర్దుకుని.

బాబాయ్ తల పైకెత్తి, "అమ్మా, అయితే ఊరిని నడిపింది నువ్వన్నమాట," అన్నాడు. నాయనమ్మ కాదనలేదు.

ఫైలుకు పేరు పెట్టమని కంప్యూటరు అడిగింది. జ్ఞానయ్య, దయామణి అని కొట్టాను. నాయనమ్మ కళ్లద్దాలు సవరించుకుని, ముందుకు వంగి, రెండు పేర్లూ పైకి చదివింది.