వేడికి సాగిన స్ఫటికం

రియాద్‌లోని ఆ ల్యాబ్‌లో పెరొవ్‌స్కైట్ పొరల మీద పనిచేసే తెలుగువాళ్లు ఇద్దరే. జగిత్యాల నుంచి వచ్చిన సృజన సీనియర్. కర్నూలు అమ్మాయి అఫ్షాన్ పీహెచ్‌డీలో చేరి ఏడాది కాలేదు.

సోలార్ పలకల కోసం వాడే ఈ పెరొవ్‌స్కైట్ మెత్తటి స్ఫటికం. వెలుతురు పడి విడుదలైన ఎలక్ట్రాన్ అందులో ఊరికే పరుగెత్తదు. చుట్టూ ఉన్న పరమాణువుల్లో కొన్నింటిని తనవైపు లాగుతూ, కొన్నింటిని తోస్తూ, స్ఫటికపు అల్లికను వంచుకుంటూ పోతుంది. ఆ వంపును కొలవాలన్నది సృజన ప్రయత్నం. పొర మీద లేజర్ వేసి ఎక్స్-రేతో చూస్తే పరమాణువుల మధ్య ఎడం పెరిగినట్టు కనిపించింది. ప్రొఫెసర్ పొంగిపోయాడు.

గురువారం మీటింగ్‌లో అఫ్షాన్ నెమ్మదిగా అడిగింది. "లేజర్‌కు పొర వేడెక్కి సాగిందేమో అక్కా? లేజర్ లేకుండా ఉత్తగా వేడిచేసి చూస్తే తెలుస్తాది కదా."

"ముందు బేసిక్స్ చదువుకో. తర్వాత నా డేటా గురించి మాట్లాడు," అంది సృజన, అందరికీ వినపడేలా ఇంగ్లీషులో. ఎవరో నవ్వారు. అఫ్షాన్ తల దించుకుంది.

మర్నాడు శుక్రవారం, అక్కడ వారాంతపు సెలవు. సృజన ఒక్కతే ల్యాబ్‌కు వెళ్లి, లేజర్ ఆపేసి, పొరను హీటర్ మీద కొద్దిగా వేడిచేసింది. దాదాపు అదే ఎడం. ఎలక్ట్రాన్ల వల్ల వచ్చిన వంపంటూ ఉంటే, అది ఉందో లేదో అన్నంత చిన్నది. తప్పిన కొలత కంటే మీటింగ్‌లో వినపడిన ఆ నవ్వే ఆమెను ఎక్కువ బాధపెట్టింది.

సెలవులయ్యాక ల్యాబ్ తెరిచే ఆదివారం చెప్పేద్దామనుకుంది. ఇంతలో ప్రొఫెసర్ వచ్చి, కాన్ఫరెన్స్‌కు ఆమె పేరు పంపానన్నాడు. "థ్యాంక్యూ సర్," అని ఊరుకుంది. ఆయన వెళ్లాక, అక్కడే ఉండి విన్న అఫ్షాన్, పొరలు వేసేందుకు ఆమె కోసం కడిగిన గాజు పలకలు తెచ్చి బల్ల మీద పెట్టింది.

"మొన్న అందరి ముందర అట్ల అడగకూడదేమో అక్కా. ఏమనుకోవద్దు."

సృజన తలెత్తలేకపోయింది. "నువ్వన్నదే నిజం. శుక్రవారమే చూసిన. అదంతా వేడే."

"శుక్రవారమా?" అంది అఫ్షాన్. "మరి ఇప్పుడు సార్‌కు చెప్పలేదే?"

"చెప్పలే. సిగ్గయింది."

అఫ్షాన్ తన బల్ల దగ్గరికి వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేదనిపించింది సృజనకు.

తర్వాతి మీటింగ్‌లో ఆమె నిలబడి అంతా చెప్పింది. అడిగింది అఫ్షాన్ అనీ, తాను ఆమె నోరు మూయించాననీ, తెలిశాక కూడా దాచాననీ. ఈసారి ఎవరూ నవ్వలేదు. ప్రొఫెసర్ కాన్ఫరెన్స్ నుంచి సృజన పేరు వెనక్కి తీసుకుని, ఇద్దరూ కలిసి మళ్లీ కొలవమన్నాడు.

ఎలక్ట్రాన్‌ను విడిపించడానికి సరిపడా శక్తి మాత్రమే ఉన్న రంగుకు లేజర్‌ను మార్చారు. దాంతో వేడిగా మిగిలేది తగ్గింది. చివరికి అసలు వంపు దొరికింది, మొదట అనుకున్నదాంట్లో పదోవంతు కూడా లేదు. అఫ్షాన్ పనిలో ఏ లోటూ రానివ్వలేదు. మధ్యాహ్నం భోజనానికి మాత్రం వేరేవాళ్లతో వెళ్లేది. తనతో రమ్మని పిలవడానికి సృజనకు చాలా రోజుల దాకా నోరు రాలేదు.