గవర్రాజు స్టూడియోలో కోళ్ల గంప

నేను ఒక కోళ్ల గంపని. నవ్వకండి. చీపురుపల్లి చుట్టుపక్కల మీకు పెళ్ళయి ఉంటే, మీ గోడ మీది ఫోటోలో మీ మొహం అంత కళగా ఉండటానికి కారణం మీ అందమే అనుకుంటున్నారు కదా. అనుకోండి. అలా అనుకోనివ్వబట్టే మా వ్యాపారం ఇన్నాళ్ళు సాగింది.

మేదర వీధిలో కన్నయ్య అనే ముసలాయన నన్ను అల్లాడు. వెదురు చీలుస్తున్నంతసేపూ కోతలు కోస్తూనే ఉండేవాడు, ఆ గుణం నా బద్దల్లోకి దిగింది. బోర్లించిన బానలాంటి ఒళ్ళు, నెత్తిన చెయ్యి దూరేంత కంత, ఇదీ నా రూపం. నా కింద పడుకున్న పుంజు కూస్తే బొబ్బిలిలో జనం లేచి పళ్ళు తోముకునేవారు. ఒక తుఫానులో గాలి నన్ను పెట్టతో సహా ఆకాశానికి ఎత్తుకుపోయింది. పైన ఉండగానే అది గుడ్డు పెట్టింది. మేం నేలకు దిగేసరికి పిల్ల బయటికొచ్చి గింజలు ఏరుకుంటోంది. నమ్మనివాళ్ళు మానెయ్యండి, కోడికి లేని బాధ మీకెందుకు?

ఫోటోగ్రాఫర్ గవర్రాజు భార్య సన్యాసమ్మ కాపురానికి వస్తూ పుట్టింటినుంచి కోళ్ళతోపాటు నన్నూ తెచ్చుకుంది. రైల్వే గేటు దగ్గర ముందు గది స్టూడియో, వెనక గది ఇల్లు, పెరట్లో నేను. అప్పట్లో గవర్రాజు పెద్ద బల్బుని తిన్నగా మనిషి మొహం మీదికి తిప్పి ఫోటో తీసేవాడు. నుదురు మూకుడులా మెరిసేది, ముక్కు నీడ మీసమై ఆడవాళ్ళకి కూడా మొలిచేది. ఒకనాడు పెరట్లో పళ్ళు తోముకుంటూ నావంక అదేపనిగా చూశాడు. పుల్ల పారేసి, పెట్టల్ని తరిమేసి, నన్ను లోపలికి ఎత్తుకుపోయాడు.

టీపొడి డబ్బాల్లో వచ్చే వెండికాగితం తెచ్చి మైదా జిగురుతో నా కడుపంతా అంటించాడు. మూతికి తన పాత మల్లు పంచె బిగించాడు. నెత్తిన కంతలోంచి బల్బు దించాడు. వెలుగు నా లోపల తిరిగి తిరిగి, కాగితానికి తగిలి మెత్తబడి, పంచెలోంచి మజ్జిగ వడకట్టినట్టు బయటికొచ్చింది. ఒక చెంప మీద పడి, ముక్కు దాటి, రెండో చెంప మీదికి వచ్చేసరికి నీడలో కలిసిపోయింది.

"కోళ్ళకి కొంప నేకుండా సేసి మనుసులకి ఎలుగిస్తన్నాడు" అంది సన్యాసమ్మ.

ఆ తర్వాత నేను చూడని మొహం లేదు. నల్లవాడు తెల్లగా రావాలంటాడు, బక్కవాడు బలంగా రావాలంటాడు, బట్టతలవాడైతే గవర్రాజు చెవిలో గుసగుసగా ఏదో అంటాడు. ఉన్నది ఉన్నట్టు రావాలని అడిగినవాడు మాత్రం నా కంటపడలేదు.

ఇలా ఉండగా ఎదురు వరసలో అద్దాల తలుపుల స్టూడియో ఒకటి తెరిచారు. జనం మాదాన్ని కోళ్ల గంప స్టూడియో అనడం మొదలుపెట్టారు. గవర్రాజుకి తల కొట్టేసినట్టయింది. విశాఖపట్నం వెళ్ళి సాఫ్ట్‌బాక్స్ కొనుక్కొచ్చాడు. బయట నల్లగుడ్డ, లోపల వెండిగుడ్డ, ముందు మల్లెపువ్వులాంటి తెల్లటి తెర, గొడుగులా విచ్చుకునే పెట్టె. మూడు కాళ్ళ స్తంభం మీద కొత్త అల్లుడిలా నిలబడింది. నేను అటక ఎక్కాను.

దసరా వచ్చింది. గవర్రాజు జమ్మికొమ్మ కోసం వెళ్ళినప్పుడు సన్యాసమ్మ ఆయుధపూజకు కూర్చుంది. కెమెరాకి బొట్టు, స్తంభానికి బొట్టు. వెళ్ళేముందు మొగుడు కెమెరా అద్దానికి మాత్రం పసుపు తగలకూడదని గట్టిగా చెప్పాడు కాబట్టి అద్దాన్ని వదిలేసింది. పెట్టె ఖరీదైంది కనక దాని తెల్లటి తెరకి నిండుగా, చక్కగా, గుమ్మానికి రాసినట్టు పసుపు రాసి కుంకం దిద్దింది. అటక మీద ఉన్న నాకు మాత్రం చుక్క పసుపు పెట్టలేదు. గంప ఆయుధం కాదట. ఆ రోజు నేను చాలా బాధపడ్డాను.

గవర్రాజు తిరిగొచ్చి తెర చూసి జమ్మికొమ్మ గుమ్మంలోనే వదిలేశాడు. మర్నాడు పొద్దున్నే ఎవరికీ చెప్పకుండా దాన్ని ఊడదీసి, బట్టల సబ్బుతో పరపరా రుద్దాడు. పసుపుకి సబ్బు తగిలితే ఏమవుతుందో చీరలు ఉతికే ప్రతి ఆడమనిషికీ తెలుసు. ఉతికింది మాత్రం గవర్రాజు. పసుపు మరక కాస్తా తాంబూలం ఉమ్మినట్టు ఎర్రబడింది.

ఆ మధ్యాహ్నమే తవిటమ్మ వచ్చింది.

యాభై దాటిన మనిషి. చెవులకు బరువైన కమ్మలు, ఎండలో నాట్లేసిన ఒళ్ళు. కొంగు ఎడమ దవడ మీద అదిమి పట్టుకుంది. పక్కన మొగుడు లచ్చుంనాయుడు, చేతిలో బట్టల సంచి. మా వైపు ఆడవాళ్ళలో కొందరు చుట్టని నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని కాలుస్తారు. దాన్ని అడ్డపొగ అంటారు. తవిటమ్మ చిన్నప్పటినుంచీ అలాగే కాల్చింది. నోట్లో పుండు లేచి దవడకి పాకింది.

"సాయంకాలం బండికి విశాపట్నం ఎల్తన్నాం బావూ" అంది ఆమె. "రేపు దవడ తీసేస్తారంట. తీసేసినాక మొగం ఎలాగుంతాదో డాక్టరికే తెల్దంట. ఈ మొగానిది ఒక్క పోటో తీసీ."

"ఇదివరకు తీయించుకున్నవి లేవా అప్పా?"

"నావెందుకు తీస్తారు? రేసనుకార్డు మీద ఉంది, అందులో నానేనో మా అత్తో నాకే తెల్దు."

లచ్చుంనాయుడు గోడ గడియారం చూశాడు. "బేగి కానీండి. బండి ఆగేది కాసేపే."

గవర్రాజు ఆమెను స్టూలు మీద కూర్చోబెట్టాడు. తడి ఆరీ ఆరని తెరని పెట్టెకి బిగించి ఒక ఫోటో తీశాడు. కెమెరా తెర మీద చూసి గతుక్కుమన్నాడు. మరకలోంచి వచ్చిన ఎరుపు సరిగ్గా వాపు మీద పడింది. అప్పుడే ఎవరో చెంప పగలగొట్టినట్టుంది. దాచబోయాడు కానీ తవిటమ్మ చెయ్యి చాచింది. చూసింది. కెమెరా వెనక్కిచ్చేసింది.

సన్యాసమ్మ గుమ్మంలో నిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. "దేవుడని రాసినాన్రా నాయనా" అని గొణిగింది.

గవర్రాజు తెర పీకేసి, భుజం మీది తెల్ల కండువా పెట్టెకి కట్టి మళ్ళీ తీశాడు. ఎరుపు పోయింది. పెట్టె పెద్దది, దాని వెలుగు వరదనీరులా అంతటా సమానంగా పరుచుకుంది. వాపు, దాని మీద నిగనిగలాడే చర్మం, పళ్ళ గార, కంటి కింద నెలల తరబడి నిద్రలేని నలుపు, ఒక్కటీ వదలకుండా చూపించింది. తవిటమ్మ ఈసారి చాలాసేపు చూసింది.

"ఈ మొగం రేపు డాక్టరు సూస్తాడు బావూ. ఆడికి కావాల ఇది. నాకు కాదు" అని లేచింది.

"పద పద" అన్నాడు లచ్చుంనాయుడు, సంచి ఎత్తుతూ. "మొగాల బాగోతం తరవాత సూసుకోవచ్చు."

"తరవాతేటి సూస్తావు మావా?" అంది ఆమె. అతను సంచి కింద పెట్టాడు.

గవర్రాజు తల ఎత్తి అటకవంక చూశాడు. నా మీద బూజు, లోపల బల్లి గుడ్లు. కుర్చీ ఎక్కి నన్ను దించి కండువాతో దులిపాడు. నా పాత బల్బు ఎప్పుడో మాడిపోయింది, పెట్టెలోది నా కంతలో పట్టదు. ఇంట్లో మిగిలింది పెళ్ళి వీడియోలకి వాడే హాలోజన్ దీపం, దగ్గరికెళితే కనుబొమలు కమిలిపోతాయి. దాన్ని నా నెత్తిలోంచి దించబోతుంటే సన్యాసమ్మ చెయ్యి పట్టుకుంది.

"ఎదురు బద్దలు, కాయితం. అంటుకుంతాది."

"అంటుకునేనోగా తీసేస్తాను. నువ్వు సెంబుతో నీళ్ళెట్టుకుని నిల్సో."

దీపం వెలిగింది. నా బతుకులో అంత నిప్పు మింగి ఎరగను. అయినా వెలుగు మాత్రం పాత దారినే వెళ్ళింది. ఆమె కుడి చెంపని తడిమి, ముక్కు మీద కాస్త ఆగి, ఎడమ చెంప దగ్గరికి రాగానే తల దించుకుంది. వాపు నీడలోకి జారిపోయింది. కమ్మలు తళుక్కుమన్నాయి. పొలం గట్టు మీద నిలబడి కూలీలని కేకేసే మనిషి ఒకామె ఆ మొహంలోంచి తొంగిచూసింది. కానీ బయటికి రాలేదు. పెదాలు తాళం వేసినట్టున్నాయి, కళ్ళు గోడని చూస్తున్నాయి.

"కాసింత నవ్వప్పా."

"ఏటి సూసి నవ్వమంతావు?"

గవర్రాజు కెమెరాకి కన్ను ఆనించి అలాగే ఉండిపోయాడు. నాలో మైదా జిగురు మాడటం మొదలైంది, పెనం మీద మరిచిపోయిన అట్టు వాసన. వెండికాగితం ఒక పక్క ముడుచుకుని నల్లబడింది. పొగ వచ్చిందంటే దీపం ఆర్పేస్తారు, ఆర్పేస్తే ఆమె లేచిపోతుంది, లేస్తే ఆ మొహం ఇక ఎవరికీ దొరకదు. గంప ఊపిరి బిగబట్టడం మీరు విని ఉండరు. నేను బిగబట్టాను. పుంజు కూత, తుఫాను సంగతి మీ ఇష్టం గానీ, ఇది నమ్మండి.

ఎక్కడో దూరంగా రైలు కూసింది. లచ్చుంనాయుడు గుమ్మందాకా వెళ్ళి వెనక్కి వచ్చాడు.

"అది మనది కాదు, గూడ్సు" అన్నాడు గవర్రాజు కన్ను ఎత్తకుండా. అతనికీ తెలియదు, ఊరికే అన్నాడు.

నాకిక ఆగలేదు. నెత్తిన కంతలోంచి సన్నటి పొగ, నీలంగా, తాపీగా పైకి లేచింది. బద్దల సందుల్లోంచి లోపల ఎర్రగా నిప్పు కనబడింది.

"గంప కాలిపోతంది, ఆర్పీయండి" అంది సన్యాసమ్మ.

"ఆగు."

"ఆగేదేటి, కొంప కాలిపోద్ది."

"ఆగవే."

తవిటమ్మ గోడ మీది చూపు తిప్పి నావంక చూసింది. పొగనీ, లోపలి నిప్పునీ మార్చి మార్చి చూసింది. మొగుడివైపు తిరిగింది.

"మావా, దీన్ని సూసినావా. గంప అడ్డపొగ కాలుస్తంది. నిప్పు లోపలికెట్టీసి, అచ్చం నానాగే."

నవ్వేసింది. మర్యాదకి నవ్వే నవ్వు కాదు. నోరు నిండా, కళ్ళు మూతబడేలా, కమ్మలు ఊగేలా, నొప్పిని కూడా పక్కకి నెట్టి నవ్వింది. గవర్రాజు నొక్కాడు. అదే క్షణాన సన్యాసమ్మ చెంబు విసిరింది. నాకు సగం నీళ్ళు, గవర్రాజుకి సగం. దీపం టప్పున పేలి చీకటైంది.

తడిసిన చొక్కాతోనే ఫోటో అచ్చు తీసి ఇచ్చాడు. తవిటమ్మ దాన్ని వెలుతురులో పట్టుకుని చూసి, "ఇదీ నాను" అంది. లచ్చుంనాయుడు లాక్కుని చూశాడు. వాపు లేదు, గార లేదు, నవ్వొకటే ఉంది. దాన్ని చొక్కా లోపలిజేబులో పెట్టుకున్నాడు. మళ్ళీ బయటికి తియ్యమని ఆమె రెండుసార్లు అడిగినా, బండెక్కాక ఇస్తానన్నాడు. ఇద్దరూ స్టేషనువైపు గబగబా నడిచారు.

నా కడుపు ఒక పక్క చిల్లిపడింది. సన్యాసమ్మ మేదరి చేత కొత్త బద్దలు వేయించింది, గవర్రాజు కొత్త కాగితం అంటించాడు. పెట్టెకి కొత్త తెర వచ్చింది. మరుసటి దసరాకి సన్యాసమ్మ తెర జోలికి పోలేదు, నాకు మాత్రం అంచు చుట్టూ పసుపు రాసింది. మొహాన్ని బట్టి ఒకరోజు నేను, ఒకరోజు పెట్టె. చుట్టాల్లా ఉండేవాళ్ళం, అంటే మాట్లాడుకునేవాళ్ళం కాదు.

ఆ దసరా తర్వాతి చలికాలంలో తవిటమ్మ మళ్ళీ వచ్చింది. కొంగు దవడ మీద లేదు. మొహం ఒక పక్కకి ఒరిగిపోయింది, చెవి కింద నుంచి గడ్డందాకా కుట్టు, పెదవి ఒక వైపే కదులుతోంది. గవర్రాజు ఆమెను చూసి కళ్ళు దించుకుని, కుర్చీ లాగి అటకమీదికి చెయ్యి చాచాడు. నేను సిద్ధంగానే ఉన్నాను. ఆ కుట్టుని ఏ నీడలో పడుకోబెట్టాలో అప్పటికే ఆలోచించుకున్నాను కూడా.

"గంపొద్దు బావూ" అంది. మాట ముద్దగా, నెమ్మదిగా వచ్చింది. "పెట్టె ఎట్టు."

"అది అన్నీ సూపించేస్తాదప్పా."

"సూపించనీ. ఆ మొగం ఎలిపోతాదని దాసుకున్నాను. ఇదెక్కడికీ ఎల్లదు."

గవర్రాజు కుర్చీ దిగి పెట్టెని ఆమె ముందుకి జరిపాడు.

నాకు కోపం రాలేదంటే అబద్ధం. కానీ అటక అంచునుంచి అంతా చూశాను. పెట్టె వెలుగు ఆమె మొహం మీద ఒక పక్కకీ మొగ్గకుండా నిలబడింది. కుట్టు, సొట్ట, ఒరిగిన పెదవి, ప్రతి ఒక్కటీ తేటగా కనబడింది. గవర్రాజు ఈసారి నవ్వమనలేదు. ఆమె వీపు నిటారుగా పెట్టి, కెమెరాని తిన్నగా చూసి, ఇక నొక్కమన్నట్టు తల ఊపింది.