కుళ్లాయప్ప వెనక్కి తీసుకుపోయిన బోర్డు

ధర్మవరంలో మా డిజైన్ల అంగడికి కంప్యూటరు వచ్చి అప్పటికి ఆరేళ్లు. చీర కొంగు మీద నెమలి కావాలంటే ముందు దాని తెర మీద గళ్లు గళ్లుగా గీస్తాం. దానికి తగిలించిన మిషన్ ఆ బొమ్మ ప్రకారం అట్టలకు బెజ్జాలు కొడుతుంది. ఆ అట్టల దండ మగ్గం నెత్తికెక్కితేనే పట్టు మీదికి నెమలి దిగుతుంది.

2004 ఎండాకాలంలో కంప్యూటరు మొండికేసింది. అరగంట పనిచేయడం, బిగుసుకుపోవడం. ఆపి, కాసేపు ఆగి, మళ్లీ మొదలుపెట్టడం.

అప్పుడు గీస్తున్న నెమలి ఓబుళేసుది. వరసగా వానల్లేక బుడ్డల చేను, అదే వేరుశనగ, వదిలేసి మగ్గాన్నే నమ్ముకున్న మనిషి. మగ్గానికి పడుగు దారాలు ఎక్కించి పెట్టుకున్నాడు. సోమవారానికి నేత మొదలు కాకపోతే ఆ చీరల పని ఇంకొకరికి ఇస్తానని షావుకారు చెప్పేశాడు.

"లక్ష్మీపతన్నా, మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకోని ఊరికే కూర్చుంటాండా. మా ఇంటామె నన్ను చూసి, బొమ్మల కొలువులో బొమ్మ మాదిరి ఉండావంటాంది" అన్నాడు శుక్రవారం. నవ్వుతూనే అన్నాడు గానీ నా ముఖంలోకి చూడలేదు.

ఇక ఆగలేకపోయాను. కదిరిలో కంప్యూటర్లు బాగుచేసే కుళ్లాయప్పకు ఫోన్‌లో సంగతంతా చెప్పి, కొత్త ప్రాసెసరు, దానికి సరిపోయే మదర్‌బోర్డు తెమ్మన్నాను. శనివారం పొద్దున్నే డబ్బా చంకలో పెట్టుకుని బస్సు దిగాడు.

మా కంప్యూటరును చూసి గడపలోనే నిలబడిపోయాడు. నా భార్య హేమావతి మిగిలిన పట్టుగుడ్డతో దాని పెట్టెకు తొడుగు కుట్టింది. పట్టు నూలు చుట్టేది కూడా ఆ గదిలోనే కాబట్టి నూగు పడుతుందని ఆమె జాగ్రత్త. పని జరిగేటప్పుడు కూడా తీయనిచ్చేది కాదు.

"ఏమక్కా, దీనికి పెండ్లి చేస్తాండారా?"

"దుమ్ము పడకుండా కప్పినానప్పా."

"ఈ ఎండకు నాకు పట్టుచొక్కా తొడిగి మూతి కట్టేస్తే నేనూ అరగంటకు పడిపోతా."

తొడుగు ఊడదీసి పెట్టె విప్పాడు. ప్రాసెసరు మీది ఫ్యాను చుట్టూ నూగు పిట్టగూడులా అల్లుకుని ఉంది. రెక్క తిరగడం లేదు.

"ఎట్లాగూ మారుస్తాండాం కదా, అదెందుకు చూడ్డం?" అన్నాను.

అతను అట్టల మిషన్ తీగను వేలితో తడుముకుంటూ పోయి, లోపల ఒక పొడుగాటి కార్డు దగ్గర ఆగాడు. తర్వాత కొత్త బోర్డు తీసి నా ముందు పెట్టాడు.

"అన్నా, నీ మిషన్‌ను ఆడించేది ఈ కార్డు. ఇది దిగే పొడుగు నల్ల గాడి పాత బోర్డులో ఉండాది. కొత్తదాంట్లో యాడుందో చూపించు."

వెతికాను. అన్నీ పొట్టి తెల్ల గాడులే.

"అయితే ఇది బిగిస్తే?"

"కంప్యూటరు గుర్రం మాదిరి ఉరుకుతాది. మిషన్ సచ్చి కూర్చుంటాది. సోమవారం ఆ మగ్గమాయన నిన్ను ఆ గుంతలోనే పూడుస్తాడు."

హేమావతి నవ్వు ఆపుకోలేకపోయింది. నేను మాత్రం కొత్త బోర్డును జాగ్రత్తగా డబ్బాలో పెట్టేశాను.

"మరి ఎప్పుడు మార్చాలప్పా?"

"మిషన్ మార్చే దినం రెండూ ఒక్కసారే మార్చు. ఈ పొద్దు దీనికి రోగం లేదు, ఉక్కపోత."

నూగంతా కుంచెతో దులిపాడు. సంచిలోంచి ఒక ఫ్యాను తీసి బిగించాడు. పాడైన వేరే కంప్యూటరులోంచి తీసిపెట్టుకున్న మెమరీ ముక్క కూడా దీనికి తగిలించాడు. మధ్యాహ్నం దాకా పక్కనే కూర్చుని చూశాడు. ఒక్కసారి కూడా బిగుసుకోలేదు.

హేమావతి పెట్టిన బొరుగుల ఉగ్గాని తిని, తెచ్చిన డబ్బా తెచ్చినట్టే చంకలో పెట్టుకుని లేచాడు. బస్టాండు దాకా వెళ్లాను.

"నీ బేరం పోయింది కదప్పా."

"నువ్వు పిలిచింది అట్టలు కొట్టించుకోవాలని. నా డబ్బా ఖాళీ చేయాలని కాదు కదన్నా" అని బస్సెక్కాడు.

ఆదివారం సాయంత్రానికి అట్టలన్నీ అయ్యాయి. నేనే మోసుకెళ్లి ఓబుళేసుకు ఇచ్చాను. సోమవారం షావుకారు మనిషి వచ్చేసరికి పట్టు మీద నెమలి కాళ్లు కనిపిస్తున్నాయట. అతను చూసి, పని ఓబుళేసుకే వదిలేసి వెళ్లిపోయాడట.

ఆ మాట చెప్పడానికి ఓబుళేసు నేత ఆపి మరీ మా అంగడికి వచ్చాడు.

"ఆ కదిరి ఆయప్ప మళ్లా ఎప్పుడొస్తాడన్నా?"

"పని పడితే వస్తాడు. ఎందుకు?"

"ఈసారి అన్నం మా ఇంట్లో. హేమావతక్కకు ఇప్పుడే చెప్పిపెట్టు."