గీత కింద ముల్లు

గడియారాలు బాగుచేసేవాడికి ఒక జబ్బుంటుంది. ఏ ముల్లయినా ఉండాల్సిన చోట లేకపోతే వాడికి ముద్ద దిగదు. సందు చివరి గడియారాల కొట్టాయనకు ఆ జబ్బు బాగా ముదిరింది. నెల కిందట వాళ్ల బావ, అంటే అక్క మొగుడు, ఫొటోలు తీసే ఆయన, తన లైట్ మీటరు తెచ్చి అద్దం వదులైంది బిగించమన్నాడు. అరచేతిలో పట్టే పాత మీటరు. వెలుతురు ఎంతుందో ముల్లు చూపిస్తే, ఆ లెక్కన లెన్సు రింగు తిప్పుకుని ఫొటో తీయాలి. కొట్టాయన అద్దం బిగించాడు, దుమ్ము తుడిచాడు, వెలుతురు తగలకుండా మూసినా సున్నా గీతకు వెంట్రుకవాసి కింద వేలాడుతున్న ముల్లును చిన్న మర తిప్పి గీత మీద నిలబెట్టాడు. అది ప్రత్యేకంగా చెప్పాల్సిన పని అనిపించలేదు.

ఇవాళ మధ్యాహ్నం బావ మళ్లీ వచ్చాడు. మొహం వాడిపోయి ఉంది. సంచిలోంచి నెగటివ్‌ల చుట్ట తీసి బల్ల మీద పెట్టాడు. నెల రోజులుగా తీసినవన్నీ పలచగా వస్తున్నాయట, ప్రింటు వేస్తే నల్లగా పడుతున్నాయట. నర్సుల కాలేజీలో నలభై మందిని మెట్ల మీద నిలబెట్టి తీస్తే వెనక వరుస మొత్తం చీకట్లో కలిసిపోయిందట. మొహం చెల్లకపోయినా రెండోసారి పిలిపించి తీశాడు. రెండోసారీ అంతే.

ముందు ఫిల్ము కడిగే మందును అనుమానించాడు, కొత్తది కలిపాడు. తర్వాత ఫిల్మును అనుమానించి వేరే పెట్టె తెరిచాడు. మీటరు మీద ఫిల్ము నంబరు జారిందేమోనని చూశాడు, జారలేదు. చివరికి ఇంకో స్టూడియోకు వెళ్లి, వాళ్ల మీటరూ తన మీటరూ ఒకే గోడకు చూపించాడు. ముళ్లు రెండూ ఒకే మాట చెప్పాయి.

"మీటరు తప్పయినా బాగుండేది," అన్నాడు బావ. "అది నిక్షేపంగా ఉంది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఇన్నాళ్లూ దాన్ని తిట్టుకున్నా. పోయింది ముల్లు చదివే నా కళ్లేరా. సోమవారం మళ్లీ తీయాలి. వేరేవాణ్ని పంపిస్తా. కెమెరా ఇక బీరువాలో పెట్టేస్తా."

కెమెరా లేని బావను కొట్టాయన ఎప్పుడూ చూడలేదు. సొంత పెళ్లిలో కూడా ఫొటోలు తీసేవాడికి వెలుతురు ఎటుందో చెబుతూ కూర్చున్నాడని అక్క ఇప్పటికీ దెప్పుతుంది. అలాంటి మనిషి ఆదివారాలు ఇంట్లో కూర్చుని గోడలు చూస్తాడంటే ఆయనకు భయమేసింది. కళ్ల సంగతి ఇక్కడే తేల్చుకుందాం, నన్నొక ఫొటో తియ్యి అన్నాడు.

బావ విసుక్కుంటూనే మీటరు ఆయన గడ్డం దగ్గర పెట్టాడు. ముల్లు చెప్పిన అంకె తడుముకోకుండా పైకి చదివాడు. చదివింది సరిగ్గానే ఉంది. ఆ వెంటనే బావ చెయ్యి లెన్సు మీదికి వెళ్లి రింగును ఒక గడి అవతలికి, లోపలికి వెళ్లే వెలుతురు సగం తగ్గే వైపు తిప్పింది.

"ఫైవ్ పాయింట్ సిక్స్ అని చదివి, ఎయిట్ పెట్టావేంటి బావా?"

బావ రింగు వైపు చూసుకున్నాడు. "నేనెక్కడ పెట్టాను, చెయ్యి పెట్టింది. ఎప్పుడూ అంతే." మీటరు ఎత్తి చూపించాడు: "కొన్నప్పుడే ఇది వెలుతురు ఒక గడి తక్కువ చూపించేది. అప్పట్నుంచీ అలవాటు."

కొట్టాయనకు అక్క వంటింటి గడియారం గుర్తొచ్చింది. అది పది నిమిషాలు ముందు తిరుగుతోందని ఒకసారి చెప్పాపెట్టకుండా సరిచేశాడు. బావ రోజూలాగే అందులోంచి పది నిమిషాలు తీసేసుకుని బయల్దేరి రైలు తప్పిపోయాడు. ఊరకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదు అని అక్క వారం రోజులు వాయించింది. ఇప్పుడు దొంగకు తేలు కుట్టినట్టు కూర్చోవచ్చు. కానీ కూర్చుంటే బావ కళ్లను వదిలి బుర్రను అనుమానించుకుంటాడు.

"ముల్లు సరిచేసింది నేనే బావా," అన్నాడు. "అద్దం బిగించిన రోజు. నీకు చెప్పలేదు."

తిట్లకు సిద్ధపడి తల వంచుకున్నాడు. బావ తిట్టలేదు. నెగటివ్ ఒకటి కిటికీకి ఎత్తిపట్టి చాలాసేపు చూశాడు. తర్వాత చొక్కా చేతితో కళ్లు తుడుచుకున్నాడు. ఆ కళ్లు పనిచేస్తున్నాయన్న సంతోషం దాచుకోవడం ఆయనకు చేతకాలేదు.

"అయితే మళ్లీ చెడగొట్టు," అని మీటరు ముందుకు తోశాడు.

రింగు తిప్పడం మానేస్తే సరిపోతుంది కదా అని కొట్టాయన బతిమాలాడు. బాగున్న ముల్లును చేజేతులా తప్పు చోట పెట్టడం ఆయన ఇంటావంటా లేదు.

"ఇరవై ఎనిమిదేళ్లు దీని తప్పుతో కాపురం చేశాను," అన్నాడు బావ. "నలభై మంది నిలబడి చూస్తుంటే నా చెయ్యి నా మాట వినదు. నువ్వు ఒక్కసారి తిప్పితే చాలు."

కొట్టాయన కంటికి భూతద్దం పెట్టుకుని మర తిప్పాడు. ముల్లు గీత దాటి వెంట్రుకవాసి కిందికి దిగింది. బావ మీటరు చదివాడు, చెయ్యి తన పని తాను చేసుకుపోయింది, కెమెరా టక్కుమంది.

సోమవారం బావే వెళ్లాడు. నర్సుల వెనక వరుసలో ఎవరు కళ్లు మూసుకున్నారో కూడా తెలిసేలా వచ్చింది ఫొటో. కొట్టాయన ఫొటో కూడా బాగానే వచ్చింది, భూతద్దంతో, చేదు మందు మింగిన మొహంతో. అక్క దాన్ని వంటింట్లో గడియారం కింద తగిలించింది. రైలు తప్పిన రోజే అక్క మళ్లీ ముందుకు తిప్పేసిన ఆ గడియారం ఇప్పటికీ పది నిమిషాలు ముందే నడుస్తోంది. ఆ ఇంటికి వెళ్లినప్పుడల్లా ఆయన దానికి వీపు పెట్టి కూర్చుంటాడు.